పెట్టెలో మిగిలిన ఆట

తిరువూరు, 1974, వైశాఖ బహుళ తదియ, రాత్రి

కోడలు పిల్లా, చెప్పింది చెప్పినట్టు రాయి, దిద్దకు.

నేనూ మా తోటికోడలు శేషక్కా నెమలి ఊరి తిరునాళ్ళకు వెళ్ళినప్పుడల్లా ఒక ఆట కొని, పొలం పనులు తెమిలాక ఆడదామని పెట్టెలో దాచేవాళ్ళం. ముసలితనం వచ్చింది గానీ పనులు తెమల్లేదు. ఈ వేసవిలో ఒక్కొక్కటే తీసి ఆడుతున్నాం.

ఇవాళ పులిజూదం పలక తీశాం. గులకరాళ్ళు పులులు, చింతగింజలు మేకలు. అక్క మేకను పులి మీదుగా దూకించి, పులిని తీసేసుకుంది.

"తొండి! ఏ ఊళ్ళో అక్కా, మేక పులిని తినేది?" అని అరిచాను.

అక్క పలక వంకే చూస్తూ, "అరవకే సుబ్బులూ. వీటిల్లో పులులేవో చెప్పు" అంది.

నేను కొత్తకోడలిగా వచ్చినప్పుడు నేల మీద సుద్దతో గీసి ఈ ఆట నేర్పింది తనే.

వయసు మరుపమ్మా అంటాడు మా అబ్బాయి. నేనొప్పుకోను. మొన్న పొయ్యి మీద పాలు మరిచింది, అది మరుపు. ఇది వేరు.

పెట్టెలో ఇంకా పచ్చీసు ఉంది. రేపు ఆడదామంది. తాళంచెవి కొంగున ముడేసుకున్నాను. పోయిందని చెబుతాను. అక్క తిట్టిపోస్తే బాగుండును. అలా కాకుండా, "ఏ పెట్టె?" అని అడిగితేనో...