మిల్లు వీధి ఓట్లు

ప్రియమైన చిన్నోడా,

ఏ వీధి ఓట్లు ఎటువైపో నువ్వడిగిన సంగతి ఆరా తీశాను. ఆరా ఏముంది, నా కుట్టు షాపుకి కొలతలకి వచ్చినవాళ్ళని అడగడమే. చేతులు చాపి నిలబడ్డ మనిషి ఎక్కడికి పోతాడు! మిల్లు వీధి మొత్తం మీ నాయకుడికి వ్యతిరేకం. మురుగు కాలువ బాగుచేయిస్తానని మొహం చాటేశాడని నాకెంత మంటో నీకు తెలుసుగా. నేను తిడుతుంటే ఒక్కడూ కాదనడు. పై వీధి మాత్రం మీవైపే, వాళ్ళకి రోడ్డు వేయించాడు కదా.

నీ సర్వే ఉద్యోగం ఈసారైనా పర్మనెంట్ అవుతుందా? నాకు అదొక్కటే బెంగ.

నీ అక్క

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం చూపిస్తే మా మేనేజరు భుజం తట్టాడు. నాయకుడు గెలిస్తే ఉద్యోగం ఖాయమట. మిల్లు వీధి వాళ్ళు ఓటుకి ఎన్నింటికి వెళ్తారు? పోయినసారి సగం మందే వేశారు, ఎందుకని? వెంటనే రాయి.

నీ తమ్ముడు

ప్రియమైన చిన్నోడా,

నా మోకాలు ఎలా ఉందని ఒక్క ముక్క లేదు, వీధి సంగతులు మాత్రం కావాలి! సరే విను. వాళ్ళకి పొద్దున తీరదు, ఆరింటికల్లా మిల్లులో ఉండాలి. నాలుగింటికి షిఫ్టు వదలగానే అటునుంచి అటే గుంపుగా స్కూలుకి పోయి ఓటేస్తారు. ఆరింటికి గేటు మూసేస్తారు. పోయినసారి మిల్లు ఆలస్యంగా వదిలింది, సగం మంది వెనక్కి వచ్చేశారు.

ఇదంతా మీకెందుకురా? రెండు రోజులుగా మిషన్ తొక్కుతున్నానే గానీ మనసు మనసులో లేదు.

నీ అక్క

ప్రియమైన అక్కా,

ఇది చదివి చింపేయి. మా ఆఫీసు మ్యాపులో మిల్లు వీధికి ఎర్ర పెన్సిల్ కొట్టారు. కొట్టింది నేనే. ఎర్ర వీధుల వాళ్ళ మనసు మార్చక్కర్లేదట, ఓటుదాకా రాకుండా చూస్తే చాలట. మిల్లు యజమాని మా నాయకుడి బావమరిది. ఓట్ల రోజు ఏడింటిదాకా ఓవర్‌టైం పెడుతున్నారు. ఉండనన్నవాడికి మర్నాడు పని ఉండదు.

వాళ్ళకి చెప్పెయ్యి అక్కా. వద్దు, నా పేరు బయటికొస్తే ఉద్యోగం ఊడుతుంది. నాకేమీ తోచడం లేదు, నువ్వే ఏదో ఒకటి చెయ్యి.

నీ తమ్ముడు

ప్రియమైన చిన్నోడా,

నీ ఉత్తరం ఓట్లకి రెండు రోజుల ముందే చేరింది. నీకు జవాబు రాయలేదు. వాళ్ళకీ చెప్పలేదు. వాళ్ళు షాపు ముందు నుంచి మిల్లుకి పోతుంటే తలెత్తి చూడలేకపోయాను. నీ ఉద్యోగం నిలబడితే చాలనుకున్నాను.

మీ నాయకుడు అరవై ఓట్లతో ఓడిపోయాడని తెలిసి ఏడ్చాను. నిన్న మిల్లులో రంగుల సెక్షన్ పెద్దాయన ప్యాంటు తీసుకోవడానికి వచ్చి, "ఆ ఓవర్‌టైం లేకుండా మా ఓట్లు పడుంటే గెలిచేవాడు" అన్నాడు.

"మీకు ఆయనంటే పడదుగా?" అన్నాను.

"టేపు పట్టుకుని నువ్వు తిడుతుంటే కాదంటామా అమ్మాయ్! పిల్లల స్కూలుకి గదులు కట్టించింది ఆయనే. మా వీధి నూటయాభై ఓట్లూ ఆయనకే అనుకున్నాం."

చింపకుండా దాచిన నీ ఉత్తరం తీసి చదివి వినిపించాను. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. ప్యాంటు మడత విప్పి మళ్ళీ పెట్టుకుంటూ, "ముందే ఒక్క మాట చెప్పుంటే, పనో ఓటో మేమే తేల్చుకునేవాళ్ళం కదమ్మా" అని వెళ్ళిపోయాడు.

మనం మనవాళ్ళ నోట్లో మాట పెట్టి, చేతిలోంచి ఓటు లాగేశాం. ఉద్యోగం ఉన్నా ఊడినా ఆదివారం బయల్దేరి రా. మిల్లు వీధిలో ప్రతి గుమ్మం ముందూ నిలబడి మనం చేసింది చెప్పుకోవాలి. నాలుగు గుమ్మాలు ఒక్కదాన్నే ఎక్కాను. ఐదో గుమ్మం దగ్గర నావల్ల కాలేదు.

నీ అక్క