కృష్ణస్వామి మాటలకొచ్చినాడు

ఆళ్లగడ్డ,
12-2-2025, బుధవారం.

చిరంజీవి భ్రమరాంబికకు,

నీ నెత్తిన చెయ్యి పెట్టి దీవించి నీ నాయన సంజీవయ్య రాస్తున్నది. ఇక్కడ మేము క్షేమం, అక్కడ నీ క్షేమం కోరుతున్నాం అని మొదలుపెట్టడం వాడుక. నువ్వు నంద్యాలలో లేబర్ ఆఫీసు ముందర టెంటేసుకొని అన్నం మానేసిన కాడినుంచి క్షేమమనే మాట రాయడానికి నాకు చెయ్యి రాలేదు తల్లీ. ఈ పొద్దు వచ్చింది. గెలిచావమ్మా! నా బంగారు పాపా, గెలిచావు!

ఫోన్ ఎత్తితే నా ఏడుపు వినాల్సి వస్తుందని నువ్వు ఎత్తడం లేదని అబ్రహాము చెప్పాడు. మంచిదే. ఇది ఫోన్లో చెప్పి పెట్టేసే సంగతి కాదు. మీ యూనియన్ మనిషే గనక అతని చేతికే ఈ ఉత్తరం ఇస్తున్నాను. కూచోని, నిదానంగా చదువుకో.

తెల్లారి నేను పళ్లు తోముకుంటుంటే కారొచ్చి మన వాకిట్లో ఆగింది. దిగింది ఎవరనుకున్నావు? మీ శిల్పశాల యజమాని కృష్ణస్వామి! నా పనోళ్లు నా బిడ్డలప్పా, బిడ్డలతో మాట్లాడేకి నడుమ యూనియన్ ఎందుకు అని ఊరంతా చెప్పుకొని తిరిగిన మనిషి! మంచం వాల్చేలోపే అరుగు మీద కూచున్నాడు. మజ్జిగ ఇస్తే తాగాడు. ఇంకో గ్లాసు అడిగి మరీ తాగాడు.

ఏమన్నాడో విను. సంజీవన్నా, నీ కూతురు ఏం మొండిదప్పా, ఎవురి పోలిక అన్నాడు. నాది కాదు, వాళ్లమ్మది అన్నాను. నవ్వాడు. తర్వాత తల వంచుకొని, గురువారం చర్చలకు నేనే పోతాండా, ఇంగ బామ్మర్దిని పంపను, యూనియనోళ్ల ఎదురుగా కూచుంటా, రాతిదుమ్ము లాగే మిషన్ల సంగతి, ఆస్పత్రి సంగతి, కూలి సంగతి అన్నీ తేల్చుకొనే లేస్తా అన్నాడు. నా చెవులను నేనే నమ్మలేదు. ఇంకోసారి చెప్పు సామీ అని మళ్లీ చెప్పించుకున్నాను.

శిల్పశాలలో ఆగిపోయిన నరసింహస్వామి విగ్రహం కండ్ల మాట ఎత్తనే లేదమ్మా! ఉలితో కండ్లు తెరవని విగ్రహాన్ని మన దగ్గర ఎవరూ లారీ ఎక్కించరు గదా. ఆ పని తెలిసిన చేతులన్నీ మీ సమ్మెలో ఉన్నాయి. బయట మిగిలింది పని మానుకున్న ముసలివాణ్ణి, నేనొక్కణ్ణే. స్వామి ఎప్పుడొస్తాడని గుడివాళ్లు కృష్ణస్వామి ప్రాణం తోడేస్తున్నారంట. అయినా నన్ను ఉలి పట్టమని అడగలేదు. మనిషి ఎంత మారాడో చూడు!

మొదటిసారి చర్చలకు పోయొచ్చిన రోజు నువ్వు చెప్పిన మాట గుర్తొచ్చింది. మేమడిగిందంతా ఒప్పుకొని తీరాలని చట్టంలో లేదు నాయనా, కానీ ఒప్పందం కుదరాల అనే మనసుతో యూనియన్‌తో కూచోవాల అని ఉంది. ఈయప్పేమో బామ్మర్దిని పంపుతాడు. ఆ బామ్మర్ది బిస్కెట్లు తిని, మా బావను అడిగి చెప్తా అంటాడు, లేసి పోతాడు. అది మాట్లాడ్డం కాదు, మాట్లాడినట్టు నటించడం. అదీ చట్టం ప్రకారం తప్పే. ఇట్లా చెప్పావు. కూలోనితో యజమాని మనసు పెట్టి మాట్లాడాలని చట్టమా, యాడుంది పాపా అట్లాంటి చట్టం, అని నేను ఎగతాళి చేశాను. బండమీద ఉలి దెబ్బ తప్ప ఇంకోటి ఎరగనివాణ్ణి. ఈ పొద్దు నమ్ముతున్నాను తల్లీ. ఆ చట్టం రాసినవాళ్ల కడుపు చల్లగుండ!

ఇంక చాలు పాపా. అబ్రహాము చేత నిమ్మకాయ నీళ్లు పంపుతున్నాను, కొంచెం ఉప్పేశాను. ఇది చదువుతూనే తాగు. రేపు గురువారం ఆయన ఎదురుగా కూచోవాలంటే గొంతులో తడి ఉండొద్దా? నువ్వు తాగావని అబ్రహాము ఫోన్ చేస్తే వీధంతా బెల్లం పంచుతాను. ఒక్క గుక్క తాగు. ఒక్క గుక్క. కూతురికి తండ్రి దండం పెట్టకూడదంటారు. పెడుతున్నాను.

సంతోషం పట్టలేని
నీ నాయన,
సంజీవయ్య

తా.క. కవరు అంటించి మళ్లీ చింపాను. కృష్ణస్వామి మన వాకిట్లోకే రాలేదమ్మా. మజ్జిగా లేదు, ఏమీ లేదు. నిన్న నేనే శిల్పశాలకు పోయాను. ఇంక సాగితే ప్రాణానికి పూచీ లేదని డాక్టరమ్మ అన్నదని అబ్రహాము చెప్పాక కాళ్లు ఆగలేదు. గేటుకాడ ఆయన కాళ్లు పట్టుకున్నాను. ఆయన ఎత్తిన మాట ఒక్కటే, స్వామి కండ్లు. తెరువు సంజీవన్నా, గురువారం నేనే పోతా అన్నాడు. అప్పుడు నాకు పట్టరాని సంతోషం కలిగింది, అది మాత్రం అబద్ధం కాదు. ఉలి తీసుకొని పరంజా ఎక్కాను. ఎక్కాక ఎందుకో, ఈ మాటే లేబర్ ఆఫీసర్‌కు ఫోన్ చేసి చెప్పు సామీ, ఆపైన మొదలుపెడతా అన్నాను. ముందు లారీ కదలనీప్పా, యూనియన్ యాడికి పోతాది అని నవ్వాడు. దిగి వచ్చేశాను. స్వామి అట్లనే ఉన్నాడు. గురువారం కూడా ఆ బామ్మర్దే వస్తాడు.

దిగి వచ్చానే గానీ, నీ ప్రాణం నేనే తీస్తున్నానని దారి పొడుగునా ఒకటే గుబులు. అందుకే ఈ కత అల్లాను. నువ్వు తాగితే చాలు, తర్వాత నా ముఖం చూడకపోయినా సరే అనుకున్నాను. కవరుకు బంక పూశాక తెలిసింది, ఈ ఉత్తరం పేరుతో నేను కూడా నీ దగ్గరికి ఆ బామ్మర్దినే పంపిస్తున్నానని.

ముందు రాసింది చింపెయ్యలేదు. ఎంత ఆశపడ్డానో నీకు తెలియాలి. తర్వాతి బస్సుకు నేనే వస్తున్నాను. నువ్వు ఉపాసం విడవాలన్నదే నా కోరిక, దాచను. కానీ విడిపించే తీరాలని తీర్మానం చేసుకొని రావడం లేదు. నా మాట నువ్వు విను, నీ మాట నేను వింటాను. నా మీద అరిచినా సరే. మధ్యలో లేచి వెళ్లిపోను.