నిజ్వా గ్రౌండ్‌లో నీ ముగ్గు

ఏమే,

నువ్వు పోయి ఇవాల్టికి ఏడాది. ఈ ఉత్తరం చదివి వినిపించేవాళ్లు ఊళ్లో ఉన్నారు, వినడానికి నువ్వే లేవు. అయినా చెప్పకుండా ఉండలేను. మా కాలేజీ గెలిచిందే!

ఈ అరబ్బు దేశంలో, నేను పనిచేసే నిజ్వా కాలేజీలో ఫుట్‌బాల్ టీమ్ పెట్టింది ఈ ఏడే. గ్రౌండ్‌లో సున్నంతో గీతలు వేయడం నా డ్యూటీ. ఇవాళ ఆఖరి మ్యాచ్. పొద్దున వేసిన గీతలన్నీ గాలికి లేచిపోయాయి. గీతలు లేకపోతే మ్యాచ్ లేదు, మీరు ఓడినట్టే అన్నాడు రెఫరీ. ఆడే పిల్లల ముఖాలు వాడిపోయాయి.

అప్పుడు నువ్వు వాకిలి చల్లి ముగ్గు పెట్టడం గుర్తొచ్చింది. ముందు నీళ్లు చల్లాను. ఆ తడి మీద నీలాగే వేళ్ల సందుల్లోంచి సున్నం వదులుతూ నడిచాను.

"ఏం తాతా, మ్యాచా, పండుగనా?" అని నాతో పనిచేసే మనూరి మల్లేశం ఒకటే నవ్వు.

గాలి మళ్లీ వచ్చింది. గీత కదల్లేదు. ఆఖరి నిమిషంలో మా పిల్లలు గోల్ కొట్టారు! ఈ మోకాళ్లతో నేనూ ఎగిరాను.

కెప్టెన్ పరుగెత్తుకొచ్చి, "చాచా, కౌన్ సిఖాయా?" అన్నాడు, ఎవరు నేర్పారని. పెళ్లయిన నాటి నుంచి నలుగురిలో నీ పేరు పలికి ఎరగను. తల వంచుకుని మెల్లగా చెప్పాను.

టీమంతా ఒక్కసారే అరిచింది: "రాజవ్వ! రాజవ్వ!"