కళ్లు తెరవని వ్యాకుల మాత

పూజ్యురాలైన తెరేజక్కకు, పాపుల్లో డిగ్రీ పాసైన నీ తమ్ముడు జోజి ఆళ్లగడ్డ నుంచి నమస్కరించి రాస్తున్నది. నువ్వు, బావ, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. నా ఒంటికి ఏ జబ్బూ లేదు, దిగులు పడకు. ఉత్తరం ఎందుకంటే, ఫోన్లో నువ్వు మధ్యలో ఏడుస్తావు, నేను వెంటనే జోకు వేస్తాను, అసలు సంగతి అక్కడే ఆగిపోతుంది.

ఈ శిల్పశాలలో ఆర్డర్లు రాసుకునే ఉద్యోగంలో చేరి మూడు నెలలైంది. ఎండ చంపుతోంది. అన్నంలో, జుట్టులో, ఆఖరికి జపమాలలో కూడా రాతిపొడే. విభూది బుధవారం నుదుటిన బూడిద కోసం నంద్యాల దాకా పోయాను గానీ, ఇక్కడ రోజూ ఒళ్లంతా అదే. జొన్నరొట్టె, ఊరిబిండి అలవాటయ్యాయి. నిజంగా బాగానే ఉన్నాను.

అమ్మ జ్ఞాపకంగా మన గుడికి ఇస్తామన్న, సిలువ కింద నిలబడ్డ వ్యాకుల మాత విగ్రహం ఏదని అడుగుతున్నావు. కళ్లు తప్ప అంతా అయిపోయింది. మా పెద్ద శిల్పి ఓబులేసన్న పద్ధతి ఒకటుంది. కళ్ల చివరి గీత విగ్రహం ఇచ్చేవాళ్లే చెక్కాలి, అదీ మనసు కడుక్కుని వచ్చి.

“మాకు ఇవేమీ లేవన్నా, మీరే కానీయండి” అన్నాను.

“మీకు లేకుంటే మాకుందిలేప్పా. ఆయమ్మ కండ్లు తెరిచి మొదట చూసేది నిన్నే. ఏందీ ఆ మొగం, పన్ను నొప్పి వచ్చినోని మాదిరి?”

“నా మొహమే అంత.”

“కాదు. ఎవరి మీదనో కోపంగుండావ్. పోయి తీర్సుకోని రా. రాయి యాడికీ పోదు.”

చూశావా? అమ్మ పోయిన ఈ పదమూడు నెలల్లో మన ఊరి ఫాదర్ కనిపెట్టలేనిది నామాలు పెట్టుకున్న పెద్దాయన ఒక్క చూపులో పట్టేశాడు. నాకు ఒళ్లు మండింది.

పోయిన శనివారం బస్సెక్కి, శిరివెళ్ల మీదుగా నంద్యాల గుడికి పోయి, పాపసంకీర్తనానికి మోకరించాను. అబద్ధాలు, బద్ధకం, పక్కగదివాడి సబ్బు... జాబితా అంతా ఒప్పజెప్పాను.

“ఇవి అందరూ చెప్పేటివే. నువ్వు చెప్పాలని వచ్చింది యాడుంది?” అన్నారు అక్కడి ఫాదర్.

అప్పుడు చెప్పాను. తొమ్మిది రోజులు జపాలు చేస్తే పదో రోజు అమ్మ పోయింది. బాధ మనిషిని పవిత్రం చేస్తుందని మంచం పక్కన నిలబడి చెప్పి వెళ్లినవాళ్లు చాలామంది. రాత్రంతా ఆమె మూలుగు విన్నది మనిద్దరమే. ఆనాటి నుంచి పూజకు పోతున్నాను గానీ దివ్యసత్ప్రసాదం తీసుకోవడానికి లేవలేదు. పరలోక జపంలో దేవుడి చిత్తం నెరవేరాలనే మాట వచ్చేసరికి దగ్గుతున్నాను. నాకు జలుబని నువ్వు మిరియాల పాలు కాచావు. అది జలుబు కాదక్కా.

“ఈ కోపం ఆయనకు చెప్పినావా?”

“లేదు ఫాదర్. మా మధ్య మాటల్లేవు.”

“మాటల్లేకుండానే ఆయన ఇంటికి వారం వారం పోతాండావ్. బాగుంది నీ పంతం.” పాపవిమోచనం ఇచ్చారు. “ప్రాయశ్చిత్తం ఒక్క పరలోక జపం. దగ్గకుండా.”

ఒక్కటే! లాభమే అనుకున్నాను. యాభైమూడు మంగళవార్త జపాలు చెప్పమన్నా తిరుగు బస్సులోనే ముగించేవాణ్ని. ఎనిమిది రోజులైంది, ఈ ఒక్కటీ ముగియలేదు. దగ్గు మానేశాను. దేవుడి చిత్తం అనే మాట దగ్గరికి వచ్చేసరికి నోరు మూతపడుతోంది. ఓబులేసన్న రోజూ నా మొహం చూసి, ఉలి పక్కన పెట్టి, టీ తాగడానికి పోతున్నాడు.

గుడ్ ఫ్రైడే దగ్గరపడిందని మన ఊరి ఫాదర్ తొందరపెడితే, ఆలస్యం శిల్పిది కాదు, రాయిది కాదు, మా తమ్ముడిదని చెప్పు. ఒక్క సాయం చెయ్యి. వచ్చే ఆదివారం రా. వస్తూ రొయ్యల పచ్చడి తే. జపం ఇద్దరం కలిసి చెబుదాం. ఆ మాట దగ్గర నువ్వు కాస్త గట్టిగా పలుకు. నీ గొంతు వెనకాల నాది కూడా వస్తుందేమో చూద్దాం. వస్తే ఉలి ఇద్దరం పట్టుకుందాం.

బావకు, అక్కడి పెద్దలందరికీ నా నమస్కారాలు. పిల్లలకు ముద్దులు. నా నుదుటిన సిలువ గుర్తు వేసినట్టు తలచుకుని దీవించు. ఇది చదివి ఏడవకు. జోకు వేయడానికి పక్కన నేను లేను.

నీ తమ్ముడు
జోజి