గేటు ముందు మూడు హారన్లు

మామిడిపల్లి,
ఫిబ్రవరి 2.

కాలనీ సంఘం అధ్యక్షులు దశరథం గారికి,

నమస్కారాలు. వాట్సాప్‌లో చెబితే బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకుంటున్నారు కనుక ఉత్తరం రాస్తున్నాను.

మా గేటు ముందు అల్లరి నానాటికీ పెరుగుతోంది. ఎయిర్‌పోర్టుకు వెళ్లే క్యాబ్‌ల వాళ్లు ఉదయం ఆరున్నరకు ఆగి, మూడేసిసార్లు హారన్ కొడతారు. నేను బయటికి వచ్చి చీవాట్లు పెట్టేదాకా కదలరు. పెట్టగానే నవ్వుకుంటూ వెళ్లిపోతారు. జనవరిలో క్యాబ్‌లవి నూట పద్నాలుగు హారన్లు, ఒక స్కూటరుది ఒకటి. తేదీలు, సమయాలు రిజిస్టరులో ఉన్నాయి. ముప్ఫై ఒక్క ఏళ్లు లెక్కలు చెప్పాను. ఇంత మొండి పిల్లల్ని చూడలేదు.

ఇట్లు,
శాంతకుమారి,
విశ్రాంత ప్రధానోపాధ్యాయిని.

తా.క. మొన్న ఒకడికి చీవాట్లు సగంలో ఆపితే, "ఇంకో రెండు మాటలనుండ్రి అమ్మా" అన్నాడు.

*

ఫిబ్రవరి 4.

టీచరమ్మకు దశరథం నమస్తే.

జర పరేషాన్ గాకుండ్రి. మీ గల్లీ మొదట్ల బోర్డు పెట్టిచ్చిన: ‘ఇక్కడ టీచరమ్మ ఇల్లున్నది. హారన్ కొట్టకుండ్రి.’ ఏ ఇల్లో తెల్వకుంటె ఎట్లని బాణం గుర్తు గూడ ఏయించిన. ఇగ ఎవడొస్తడో చూస్త.

మీ దశరథం.

తా.క. బోర్డు రాసిన బుచ్చయ్య, మీరు పొద్దుగాల ఎన్నింటికి బయటికొస్తరని అడిగిండు. ఎందుకో నాకు తెల్వదు.

*

ఫిబ్రవరి 9.

దశరథం గారికి,

మీ బాణం గుర్తు చక్కగా పనిచేసింది. నిన్న పదకొండు బళ్లు వచ్చాయి. ఒకరు గేటుకు నిమ్మకాయ కట్టారు. మరొకరు చెప్పులు విప్పి, కొబ్బరికాయ కొట్టి, నాకు దండం పెట్టారు. చదువు చెప్పినదాన్ని, చేతబడికి భయపడను. వెక్కిరింతను మాత్రం సహించను.

శనివారంలోగా ఇది ఆగకపోతే కొడుకు ఇల్లు వదిలి, కాకినాడలో మా అమ్మాయి దగ్గరకు వెళ్లిపోతాను. ఆ మాట విన్నప్పటి నుంచి మనవరాలు సాహితి సరిగా అన్నం తినడం లేదు. నిజానికి నాకూ వెళ్లాలని లేదు.

శాంతకుమారి.

తా.క. కొబ్బరిచిప్పలు రెండూ సాక్ష్యంగా దాచాను. ఒకటి పచ్చడి అయింది.

*

ఫిబ్రవరి 12.

టీచరమ్మా, జర ఆగుండ్రి!

మల్లేశ్వర్ అనే డ్రైవర్‌ను నిలబెట్టి అడిగిన. అసలు ముచ్చట చెప్పిండు.

"డిసెంబర్ల ఒకనాడు గా అమ్మ మందారపూలు తెంపుకుంట ఎదురొచ్చింది సార్. గేటుకు అడ్డం పెట్టినవని తిట్టింది. గా దినమే విజయవాడ దాంక పెద్ద ట్రిప్పు పడ్డది. మర్నాడు మా ఉపేందర్ తిట్లు తిన్నడు, వానికి గుల్బర్గా పడ్డది. గా అమ్మ ముఖం చూసి పోతె మంచిగైతది సార్."

గందుకే మీరు ఎదురొచ్చేదాంక హారన్ కొడుతుండ్రట. వెక్కిరింత కాదమ్మా, మొక్కు. ఇగ రావద్దంటె, "మరి మా పొద్దెట్ల మొదలైతది?" అని మొఖాలు చిన్నగ జేసుకున్నరు. మీరెట్లంటె అట్ల.

మీ దశరథం.

తా.క. మీరు కాకినాడ పోయేదే అయితె, స్టేషన్‌కు ఎవరి బండ్ల తీస్కపోవాల్నని వాళ్లల్ల లొల్లి నడుస్తున్నది. ముందుగాల మీరు ఎదురు రావాల్నంట.

*

ఫిబ్రవరి 15.

దశరథం గారికి కృతజ్ఞతలతో,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను.

మావారు పోయి ఏడేళ్లు. ఆనాటి నుంచి ఇంట్లో ఎవరు బయల్దేరినా నేను వంటింట్లోకి తప్పుకుంటున్నాను. తప్పుకోమని ఎవరూ అనలేదు. భర్త పోయిన ఆడది ఎదురు రాకూడదని చిన్నప్పుడు విన్న మాట. ఇంత చదువూ దాన్ని వదిలించలేకపోయింది. మీ క్యాబ్‌ల వాళ్లు హారన్ కొట్టి వదిలించారు.

శకునాలను ఇప్పటికీ నమ్మను. కానీ నిన్న సాహితి పరీక్షకు వెళ్తుంటే గేటు దాకా వెళ్లి మరీ ఎదురొచ్చాను. పేపరు సులువుగా వచ్చిందట. చదివింది కనుక వచ్చింది. అయినా రిజిస్టరులో రాసుకున్నాను.

కాకినాడ మానుకున్నాను. రోజూ ఆరున్నర నుంచి ఆరూ నలభై ఐదు దాకా గేటు దగ్గర ఉంటానని వాళ్లకు చెప్పండి. హారన్ అక్కర్లేదు. సీటు బెల్టు పెట్టుకోనివాడికి ఆ రోజు చీవాట్లు లేవు.

మీ మేలు మరువని,
శాంతకుమారి.

తా.క. రిజిస్టరు అట్ట మీద ‘అల్లరి’ కొట్టేసి ‘హాజరు పట్టీ’ అని రాసి, వాళ్ల పేర్లడిగి ఎక్కించాను. మల్లేశ్వర్ రెండు రోజులుగా రాలేదు. ఒంట్లో ఎలా ఉందో కనుక్కోండి.

మరో తా.క. జనవరి 18, కాలనీ సంఘం ఎన్నికల ఉదయం. బూడిదరంగు స్కూటరు, నంబరు పలక మీద గోనెసంచి, ఒకే ఒక్క హారన్. ఆనాటి చీవాట్లకు మీరు మూడు ఓట్ల తేడాతో గెలిచారు. వచ్చే ఎన్నికలకు హెల్మెట్ లోపల మీసం కూడా దాచుకుని రండి.