పదమూడో లైను

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య దీవెనలు. నువ్వు క్షేమమని తలుస్తాను. నేను మాత్రం మండిపోతున్నాను.

కుట్టు మిషన్ల దుకాణం మూసేశాక ఊరికే కూర్చోవద్దని నన్ను ఆ ‘రిపేరు మిత్రులు’ గ్రూపులో చేర్చింది నువ్వే. పాడైన సామాను గురించి ఎవరో అడుగుతారు, తెలిసినవాళ్లు ఉచితంగా చెబుతారు. బాగానే ఉండేది. మొన్న ఒక దర్జీ ఆవిడ మిషన్ బిగుసుకుపోయిందంటే నేను పదమూడు లైన్లు రాసి పంపాను, నువ్వు టైపు చేశావు. సోమవారం నిర్వాహకులు ఏ సమాధానమూ పది లైన్లు దాటకూడదని నిబంధన పెట్టి, పాతవాటి తోకలు కూడా కోసేశారు. పదమూడో లైనులో ఏముందో నీకు తెలుసు. నూనె వేశాక ముందు పాత గుడ్డ మీద కుట్టి చూడమని ఉంది. అది కనబడక ఆవిడ ఎవరిదో తెల్ల గౌను నేరుగా మిషన్ కింద పెట్టింది. అరచేయంత మరక. గ్రూపులో నువ్వు నాకు పెట్టిన పేరుతోనే ‘నూనెచుక్క గారి సలహా’ అని రాసి ఫొటో పెట్టింది. నలభై ఏళ్లలో నా వల్ల ఒక్క గుడ్డ పాడవలేదమ్మా. తల ఎక్కడ పెట్టుకోను?

ఫోన్లో చదవగలను గానీ, నా వేలు ఒక అక్షరం నొక్కితే మూడు పడతాయి. నీతో మాట్లాడదామంటే మధ్యలో అడ్డొస్తావు. అందుకే ఈ ఉత్తరం. నా తరఫున వాళ్లను ఇలా అడుగు: ‘అయ్యా, మీ బుర్రల్ని కూడా పదో లైను దగ్గరే కోసేశారా?’

ఇట్లు,
ఉడికిపోతున్న మామయ్య

తా.క. ఆ పదమూడో లైను తిరిగి పెట్టమను. నాకు కావలసింది అదొక్కటే.

---

మామయ్యకు నమస్కారాలు.

ఉత్తరం అందింది. ఆఫీసులో భోజనం బల్ల దగ్గర చదివి, పక్కవాళ్లు చూస్తారని మడిచేశాను.

మామయ్యా, ఆ నిర్వాహకులు కూడా మీలాగే జీతం లేకుండా చేస్తున్నవాళ్లు. నిర్ణయాన్ని విమర్శించండి, మనుషుల్ని కాదు. అందుకే మీ పేరుతో మర్యాదగా రాశాను. ముందు వాళ్ల శ్రమను మెచ్చుకున్నాను. తర్వాత వాళ్ల ఓపికను. ఆ తర్వాత నిబంధన వెనకున్న మంచి ఉద్దేశాన్ని. మీ కోరిక చిట్టచివర, నొప్పి తెలియకుండా పెట్టాను.

మీరు మంచినీళ్లు తాగి పడుకోండి.

మీ మేనకోడలు

తా.క. బుర్రల వాక్యం కొట్టేశాను. అలా మాట్లాడటం మన ఇంటి పద్ధతి కాదు.

---

చిరంజీవి మేనకోడలికి,

దీవెనలు ఉన్నాయి గానీ, ఈసారి కొంచెం తక్కువ.

నువ్వు రాసింది చదివి నిర్వాహకులు పొంగిపోయారు. ‘విమర్శ అంటే ఇలా ఉండాలి’ అని దాన్ని అందరికీ కనబడేలా పైన అంటించారు. నలభై ఒక్కమంది చప్పట్లు కొట్టారు. నూనెచుక్క గారంతటివారే సమర్థించారు కదా అని హద్దును ఎనిమిది లైన్లకు కుదించారు. ఇప్పుడు నా తొమ్మిదో లైను కూడా పోయింది. అది ‘రెండు చుక్కలు చాలు’ అనే లైను. నిన్న ఒకాయన సగం సీసా ఒంపేశాడట.

నువ్వు ఎంత మెత్తగా తిట్టావంటే, తిట్టించుకున్నవాళ్లు సన్మానమనుకున్నారు. నా కోరిక అందులో ఎక్కడుందో వెతికి వెతికి కళ్లు కాయలు కాశాయి.

ఇట్లు,
చప్పట్లు భరించలేని మామయ్య

తా.క. ముఖ్యమైన మాట చివర చెప్పడం నా దుకాణం అలవాటు. గడప దాటేటప్పుడు చెబితే ఇంటిదాకా గుర్తుంటుంది. ఆ అలవాటు నీకెందుకు?

---

మామయ్యకు నమస్కారాలు.

తప్పు నాదే. పొగడ్తలకే పది లైన్లూ అయిపోయాయి. మీ కోరిక పదకొండో లైను. కోసేశారు.

మర్యాద అంటే నీళ్లు నమలడం కాదని బుద్ధి వచ్చింది. ఈసారి మీ పేరుతో ఇంతే పెట్టాను: ‘నా సమాధానంలో, నూనె వేశాక ముందు పాత గుడ్డ మీద కుట్టమన్న హెచ్చరిక కోతలో పోయింది. దానివల్ల ఒకావిడ గౌను పాడైంది. దయచేసి ఆ లైను తిరిగి పెట్టండి.’ పొగడ్త లేదు, తిట్టూ లేదు.

పెట్టిన పది నిమిషాలకే గ్రూపులో ఒకరు ‘ఒక్క లైను కోసం ఇంత గొడవా’ అన్నారు. నాకు ఒళ్లు మండింది. అయినా మీ పేరుతో ఏమీ అనలేదు. నా పేరుతోనూ ఏమీ అనలేదు.

చాలా ప్రశాంతంగా,
మీ మేనకోడలు

---

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య నిండు దీవెనలు.

నేర్చుకున్నాను కాబట్టి అసలు విషయం ముందే చెబుతున్నాను. పదమూడో లైను తిరిగి వచ్చింది.

గంటలోపే పెద్ద నిర్వాహకుడు క్షమాపణ చెప్పాడు. బస్సు నడుపుతాడట. మధ్యాహ్నం బస్సు ఆపి, టిఫిను డబ్బా ఒళ్లో పెట్టుకుని ఈ గ్రూపు పని చూస్తాడట. అతన్నా నేను అంత మాట అనబోయాను, సిగ్గేసింది. ఇకనుంచి హెచ్చరిక మొదటి లైనులో ఉండాలనీ, దాన్ని లెక్కలోకి తీసుకోరనీ నిబంధన మార్చారు. దర్జీ ఆవిడ కూడా రాసింది. సుద్దపొడి చల్లి ఉతికితే మరక పోయిందట, మిషన్ సాఫీగా నడుస్తోందట. ఆ ముక్క నాలుగుసార్లు చదువుకున్నాను.

ఇంకో సంగతి. నా మర్యాదకు మెచ్చి నన్ను మర్యాద సంఘంలో వేశారు. టైపు పని లేదు. ‘ఉంచు’, ‘ఆపు’ అని రెండే పెద్ద బొత్తాలు, నా వేలికి సరిపోయాయి. మొదటి ఫిర్యాదు ‘సూదిమొన’ అనే సభ్యురాలి మీద. ‘మీ బుర్రల్ని కూడా పదో లైను దగ్గరే కోసేశారా’ అని రాసింది. ‘ఆపు’ నొక్కాను. వారం రోజులు నోరు విప్పకూడదు.

ఇట్లు,
మర్యాద సంఘం సభ్యుడు, నీ మామయ్య

తా.క. అసలు విషయం పైనే చెప్పానన్నాను గానీ, పాత అలవాటు పోలేదు. ఆ వాక్యం లోకంలో ఇద్దరికే తెలుసమ్మా. నా కోసం అన్నావని కళ్లు చెమ్మగిల్లాయి. అయినా వారం వారమే. ఎనిమిదో రోజున నువ్వు పెట్టే క్షమాపణ ముందు నాకు పంపు. కాస్త మెత్తగా మార్చి ఇస్తాను.