ఫ్రిజ్ గూడు

శిల్ప నాయినా, మేస్త్రి కుర్మయ్య వస్తడు. వంటింట్ల ఫ్రిజ్ కోసం కట్టించిన గూడును ఇటుకలతోని మూసెయ్యమనకు. అడ్డంగ బండలు ఏపించు, బియ్యం డబ్బాలు పెట్టుకుందాం. అన్నం వండిపెట్టిన, తిను. ఆ ఖాళీ దిక్కే చూసుకుంట కూసోకు.

శిల్ప సచ్చిపోయినంక ఫ్రిజ్‌ను పక్కింటి దేవమ్మకు ఇచ్చిన్నని నాతోని మాట్లాడతలేవు. దేవమ్మ బిడ్డకు గూడ మన పిల్లకున్న షుగరే, అవే సూదులు. నేను మాత్రం శిల్పను కన్నదాన్ని కానా?

నాగర్‌కర్నూల్ పోతున్న, పొద్దుగూకాల వస్త.

ఇంకోటి. ఇయ్యాల దినమంత కరెంటు ఉండదంట. సూదిమందును తడి ఇసుక కుండల ఎట్ల పెట్టాల్నో దేవమ్మకు తెల్వదు. మన పిల్లకు పెట్టినట్లే జర పోయి పెట్టిరా.